ప్రాజెక్టు నీ చేతికొచ్చింది

అమ్మలూ,

పాత తెలుగు ఫాంట్లలో కొట్టినదాన్ని ఇప్పుడు అన్నిచోట్లా చెల్లే యూనికోడ్‌లోకి మార్చే మన ఫాంట్ కన్వర్టర్‌కి ఇకమీదట నువ్వే మెయింటెయినర్‌వని, అంటే బాధ్యత నీదేనని నిన్న అందరికీ చెప్పేశాను. కోడు నాకంటే నీకే బాగా తెలుసు కాబట్టి దాని జోలికి పోను. పద్నాలుగేళ్లలో ఆ కోడు చుట్టూ చేరిన మనుషుల గురించి రాస్తాను.

తెనాలిలో డీటీపీ చేసే ఒకాయన ఒకసారి మన ప్రాజెక్టు పేజీలో ఇష్యూ, అంటే ఫిర్యాదు, తెరిచారు. ఉన్నది ఒకే వాక్యం: "మీ సాఫ్ట్‌వేర్ పనిచేయట్లేదు." కింద ఒక శుభలేఖ ఫొటో. తలమీద "శ్రీ" ఉండాల్సిన చోట "శీ్ర" అని పడింది. ఏ వెర్షనో లేదు, ఏ ఫాంటో లేదు. చిరాకేసి మూసేయబోయాను. మర్నాడు పొద్దున మళ్లీ చూస్తే విషయం అర్థమైంది. పాత ఫాంట్లలో అక్షరాలు కంటికి కనబడే వరసలో ఉంటాయి కదా. ముందు గుడిదీర్ఘంతో సహా "శీ", ఆ తర్వాత రావత్తు. యూనికోడ్‌లో ఒత్తులన్నీ అయ్యాకే గుడిదీర్ఘం రావాలి. వేరే ఫాంట్లకి ఆ సర్దుబాటు చేశాం గానీ ఆయన వాడేదానికి చేయలేదు. ఏ ఫాంటండీ అని అడిగాను, అంతే. వారం తిరిగేసరికి "స్త్రీ", "రాష్ట్రీయ" లాంటి మాటలు మూడొందల పైచిలుకు ఏరి, ఏది ఎలా విరిగిపోతోందో పక్కన రాసి పంపారు. ఇవాళ మన టెస్టుల్లో సగం ఆ పట్టికే. ఆయనకి ప్రోగ్రామింగ్ రాదు.

అందుకే ఎంత మొరటుగా రాసిన ఇష్యూకైనా ముందు ఒక ప్రశ్న అడుగు. మొదటిసారి ప్యాచ్ (కోడుకి చేసిన మార్పు) పంపినవాళ్లకి రెండు రోజుల్లోపు జవాబివ్వు. "అందింది, ఆదివారం చూస్తాను" అన్నా చాలు. నెల పోయాక ఎంత వివరంగా రివ్యూ రాసినా చదవడానికి అవతల మనిషి ఉండడు.

వద్దనుకున్నది కూడా వెంటనే చెప్పాలి. ఒకబ్బాయి స్కాన్ చేసిన పేజీల్లోంచి అక్షరాలు గుర్తించే భాగం జత చేస్తానని వచ్చాడు. అది మన పని కాదని నాకు మొదటి రోజే తెలుసు. మనసు నొచ్చుకుంటుందని చెప్పలేక ఎనిమిది నెలలు నాన్చాను. మనం కోడు మార్చినప్పుడల్లా పాపం అతను తన ప్యాచ్ సరిచేసుకుంటూ వచ్చాడు. చివరికి కాదన్నాక మళ్లీ కనబడలేదు. అది తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

ఇక ఎక్స్‌జెడ్ సంగతి. లినక్స్ వాడే ప్రతిచోటా ఉండే కంప్రెషన్ లైబ్రరీ అది. ఏళ్ల తరబడి ఒక్క మనిషే తీరిక వేళల్లో చూసుకున్నాడు. 2021 నుంచి జియా టాన్ అన్న పేరుతో ఎవరో ప్యాచులు పంపుతూ వచ్చారు, బాగున్న ప్యాచులే. 2022లో అంతకుముందు ఎవరూ ఎరగని పేర్లు కొన్ని వచ్చి, పని సాగట్లేదని, ఇంకొకరికి అప్పగించమని ఆ మనిషి మీద ఒత్తిడి పెట్టాయి. అసలే అలసి ఉన్నాడు, సాయానికి అందిన జియా టాన్ చెయ్యి పట్టుకున్నాడు. 2024లో వచ్చిన 5.6.0, 5.6.1 వెర్షన్లలోకి, బయటివాళ్లు గుట్టుగా కంప్యూటర్లోకి చొరబడేందుకు పెట్టిన దొంగదారి దూరింది. దూరాన ఉన్న కంప్యూటర్లోకి వెళ్లే ఎస్ఎస్‌హెచ్ లాగిన్‌కి అర సెకను ఎక్కువ పడుతోందేమిటా అని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే డెవలపర్ తవ్వబట్టి ఆ మార్చి నెలాఖరుకి బయటపడింది.

కొత్తవాళ్లని నమ్మకూడదనడానికి చాలామంది ఈ కథ చెబుతారు. నాకు మాత్రం ఒంటరిగా అలసిపోయిన ఆ మనిషే గుర్తొస్తాడు. పక్కన తోడుగా ఇద్దరుంటే అంత తొందరపడి తాళాలు ఇవ్వాల్సిన అవసరమే ఉండేది కాదు.

నువ్వు మాత్రం ఒక్కదానివే మొయ్యకు. నీ కోడైనా సరే ఇంకొకరు చూడందే మెర్జ్ చెయ్యకు, అంటే అసలు కోడులో కలపకు. రిలీజ్ ఫైలు ఎవరి లాప్‌టాప్‌లోనూ తయారు కానివ్వకు. ఎక్స్‌జెడ్‌లో దొంగదారిని మేల్కొలిపే ముక్క అందరూ చూసే కోడు ఖజానాలో, అంటే రిపోలో లేదు, విడుదలకని మూటకట్టిన రిలీజ్ టార్‌బాల్‌లో మాత్రమే ఉంది. కమిట్లు (రిపోలో చేరే ఒక్కో మార్పు) చదివేవాళ్లకి కనబడకపోవడానికి కారణం అదే. మనం కొత్త వెర్షన్‌కి గుర్తుగా ట్యాగ్ పెట్టగానే రిలీజ్ ఫైలు సర్వర్ మీదే, ఏం జరిగిందో చెప్పే లాగ్ అందరికీ కనబడేలా తయారవ్వాలి. నేను చెయ్యలేకపోయిన పని ఇది, ముందు దీన్ని చూడు.

లైసెన్సు మార్చమని ఎవరైనా వస్తే, కోడు రాసినవాళ్లందరి అనుమతీ కావాలని చెప్పి పంపెయ్. డొమైన్ రెన్యూవల్ మెయిలు ఇద్దరికి వెళ్లేలా పెట్టు.

కమిట్ హక్కు ఎవరికివ్వాలని అడిగావు. ఎక్కువ కోడు రాసేవాళ్లకంటే ముందు, ఎవరూ అడక్కుండానే పక్కవాళ్ల ఇష్యూలకి ఓపిగ్గా జవాబు రాసేవాళ్లని చూడు. ముందు ఇష్యూలు సర్దే పని ఇవ్వు, తర్వాత రివ్యూ, ఆ తర్వాతే కమిట్. లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ 2005 ఏప్రిల్‌లో, కోడు మార్పుల లెక్క ఉంచే గిట్ మొదలుపెట్టి, జూలై వెళ్లకుండానే జునియో హమానో చేతిలో పెట్టాడు. హమానో దాన్ని ఇరవై ఏళ్లకి పైగా నడిపాడు. అంత తొందరగా వదలడం నాకు చేతకాలేదు, ఇంకో ఐదేళ్ల ముందే నిన్ను పిలవాల్సింది.

మొదటి రిలీజు అయ్యాక నా కమిట్ హక్కు తీసెయ్, రిలీజ్ మనదేనని ముద్ర వేసే సైనింగ్ కీ కూడా. మొహమాటపడకు. తెనాలి ఆయన పోయిన వారం పంపిన కొత్త మాటలు ఇంకా టెస్టుల్లో చేర్చలేదు. వాటికి నేను మామూలుగా ప్యాచ్ పంపుతాను, తీరిక చూసుకుని రివ్యూ చెయ్.

ఆశీస్సులతో,
పెదనాన్న