పదో రీలు

చిట్టితల్లికి,

పెదనాన్న ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ నాన్న ఫోను చేశాడు. ఎండల గురించి, నా మోకాలి గురించి మాట్లాడి చివర్లో అసలు సంగతి బయటపెట్టాడు. నువ్వు ఇకమీదట చూసిన సినిమాల మీద వారం వారం అభిప్రాయాలు రాస్తావట. "ఉన్న ఉద్యోగం చాలదా అన్నయ్యా, నువ్వైనా చెప్పు" అన్నాడు. సరేనన్నాను. ఫోను పెట్టేశాక మీ పెద్దమ్మను నిద్ర లేపి మరీ చెప్పాను. ఆ సంతోషం మీ నాన్నకు తెలియనవసరం లేదు. తెల్లవారుజామున మెలకువ వచ్చేసరికి మాత్రం భయం పట్టుకుంది.

టిక్కెట్టు నీ డబ్బుతోనే కొనుక్కో. టైటిల్స్ పడేటప్పుడు పేర్లు సరిగ్గా రాసుకో. ఇంటికి రాగానే రాయకు, ఒక నిద్ర తీసి రాయి. నక్షత్రాలు వేయడం నాకు నచ్చదు కానీ అది మీ కాలపు అలవాటు, వాదించను.

వాదించేది ఒక్కదాని గురించే. మొన్న సంక్రాంతికి వచ్చినప్పుడు వంటింట్లో ఫోనును కూరల బుట్టకు ఆనించి, ఒకటిన్నర రెట్ల వేగంతో సినిమా చూశావు. చిక్కుడుకాయలు ఒలుస్తూ మధ్యమధ్య వేలితో పది క్షణాలు, పది క్షణాలు ముందుకు తోశావు. అయ్యాక "ఏమీ లేదు పెదనాన్నా, సాగదీశాడు" అన్నావు. పండగపూట ఎందుకులే అని ఊరుకున్నాను. ఇప్పుడు ఊరుకోను. నువ్వు చేసిన ఆ పనే ఒకప్పుడు నా విషయంలో ఇంకొకడు చేశాడు. దాని ఫలితం నలభై ఏళ్ళుగా నా దగ్గరే ఉంది.

1984 వానాకాలం. విజయవాడలో ఉద్యోగం, సాయంత్రాలు ఒక వారపత్రికకు మారుపేరుతో సమీక్షలు. కొత్త దర్శకుడి సినిమా ఒకటి వచ్చింది. పేరు చెప్పను. పెద్ద తారలు లేరు, డబ్బు లేదు, ఊరికంతటికీ ఒకటే ప్రింటు, అంటే హాల్లో ఆడించే ఫిల్ము ప్రతి. రెండు హాళ్ళు దాన్ని పంచుకున్నాయి. మొదటి హాల్లో ఆట ముందు మొదలయ్యేది. అక్కడ నడిచిన రీళ్ళను, అంటే సినిమా ముక్కలుగా ఉండే ఫిల్ము చుట్టలను, ఒక కుర్రాడు సైకిలు మీద రెండో హాలుకు తెచ్చేవాడు. నేను కూర్చున్నది ఆ రెండో హాల్లో.

ఇంటర్వెల్ అయిన కాసేపటికి బొమ్మ ఆగిపోయింది. కుర్రాడు వానలో ఏలూరు కాలువ వంతెన దగ్గర ఇరుక్కుపోయాడని చెప్పుకున్నారు. ఈలలు, కేకలు, పళ్ళపొడి స్లయిడ్లు. ఇరవై నిమిషాల తర్వాత బొమ్మ మళ్ళీ మొదలైంది. అంతకుముందు రైలు ప్లాట్‌ఫారం మీద ట్రంకు పెట్టెతో ఏడుస్తున్న భార్య, ఇప్పుడు ఇంట్లో మొగుడికి అన్నం వడ్డిస్తోంది. నవ్వుతోంది కూడా. ఆలస్యమైన ఆటను సర్దుకోవడానికి ఆపరేటర్ పదో రీలు వదిలేశాడు.

చిట్టీ, ఇక్కడ జాగ్రత్తగా చదువు. నాకు అనుమానం రాలేదని కాదు. వచ్చింది. ఆట అయ్యాక మెట్లెక్కి ప్రొజెక్టర్ గదిలో అడిగితే రెండు నిమిషాల పని. ఆ సాయంత్రమే పత్రిక చివరి ఫారం అచ్చుకు వెళ్ళాలి, పైగా అప్పటికే నా బుర్రలో ఒక వాక్యం తయారైపోయింది: "మొగుణ్ణి క్షమించడానికి ఈ భార్యకు కారణం అక్కర్లేదు, దర్శకుడికి రీలు అయిపోతే చాలు." ఎంత మురిసిపోయానో! ఆఫీసులో నలుగురు ఆ వాక్యం అప్పజెప్పారు. క్యాంటీన్‌లో నా టీ డబ్బులు ఎవరో ఇచ్చేశారు.

సీమంతానికి పుట్టింటికి వెళ్ళిన మీ పెద్దమ్మను చూడటానికి తర్వాతి ఆదివారం తెనాలి వెళ్ళాను. ఆవిడ ఆ సినిమా అక్కడ చెల్లెలితో కలిసి చూసింది. నా సమీక్షా చదివింది. కాఫీ ఇస్తూ, "అన్నీ రాశారు, పాల లెక్క గురించి ఒక్క ముక్కైనా రాయలేదేమండీ?" అంది.

"ఏ పాల లెక్క?" అన్నాను.

చెప్పింది. భార్య వెళ్ళిపోయాక మొగుడు ఒంటరిగా ఉంటాడు. గోడ కాలెండరు మీద ఆవిడ రాసే పాల లెక్కను తన కోడిగీతల్లో రోజూ కొనసాగిస్తాడు. అరలీటరు, అరలీటరు, ఒకరోజు "రాలేదు". నెలాఖరున బట్టలు తీసుకుపోవడానికి వచ్చిన భార్య ఆ కాలెండరు ముందు నిలబడిపోతుంది. మాటల్లేవు. అంతే. చెబుతూ చెబుతూ ఆవిడ కళ్ళు తుడుచుకుంది. వెయ్యి అడుగుల రీలంటే పదకొండు నిమిషాలు. సినిమా మొత్తం ఆ పదకొండు నిమిషాల్లోనే ఉంది.

మర్నాడు బెజవాడ వచ్చి చూస్తే హాలు మీద వేరే పోస్టరు. నా రాతవల్లే ఎత్తేశారనడం గొప్పలు పోవడమే అవుతుంది. కానీ 1980లో శంకరాభరణం కూడా మొదటి రోజుల్లో పలచగానే నడిచింది. చూసినవాళ్ళు చూడనివాళ్ళకు చెప్పబట్టి హాళ్ళు నిండాయి. ఈ సినిమాకు అలా చెప్పుకునే వ్యవధి లేదు, ఉన్న కాస్త సమయంలో చెప్పినవాణ్ణి నేను. సవరణ రాసుకుని వెళితే ఎడిటరు నవ్వి, "సినిమాయే లేదు, సవరణ ఎవరికయ్యా?" అన్నాడు. ఆ దర్శకుడి పేరు నేను మళ్ళీ ఏ పోస్టరు మీదా చూడలేదు.

రీలు పూర్తవుతుంటే తెర కుడి పైమూలన గుండ్రటి చుక్క మెరిసేది, రెండో ప్రొజెక్టర్ నడపమని ఆపరేటరుకు గుర్తు. ఆ వారం నుంచి నేను చుక్కలు లెక్కపెట్టుకుంటూ సినిమాలు చూశాను. డిజిటల్ వచ్చి చుక్కలు పోయాయి. నా చూపు ఇప్పటికీ ఆ మూలకే పోతుంది, మీ పెద్దమ్మ మోచేత్తో పొడుస్తుంది.

నాకు ఆపరేటర్ రీలు తీసేశాడు. నీకు నువ్వే తీసేసుకుంటున్నావు.

కేరాఫ్ కంచరపాలెం ఇటీవల మళ్ళీ చూశాం. ఎక్కువమంది ఆ పేటవాళ్ళే నటించారు, కొన్నిచోట్ల తడబాటు కనిపిస్తుంది, నాకు అదే ముద్దొచ్చింది. చివరి పది నిమిషాలకు ముందే లేచిపోయినవాడు, నాలుగు ప్రేమకథలు, వేటికవే అని రాసేస్తాడు. నిజానికి ఆ నాలుగూ... చూశావా, చెప్పేయబోయాను. నువ్వు కూడా చెప్పకు.

బలగం దగ్గర నేను మరో తప్పు చేయబోయాను. మొదటి అరగంట ఆ తెలంగాణ పల్లె మాట నా కృష్ణాజిల్లా చెవికి ఎక్కక, నేరం సినిమాదే అనుకున్నాను. పెట్టిన పిండాన్ని పిట్ట ముట్టక ఇంటిల్లిపాదీ ఆకాశం వైపు చూసేసరికి, మా నాన్న పదోరోజు గుర్తొచ్చి గొంతు పట్టేసింది. ఆ రోజు నేనూ మీ నాన్నా ఎడమొహం పెడమొహంగా ఉన్నాం. ఊళ్ళలో తెర కట్టి అందరూ కలిసి ఆ సినిమా చూశారని పేపర్లో చదివినప్పుడు ఆశ్చర్యం వేయలేదు. మీ నాన్నకు మాత్రం అది నాతో కూర్చుని చూడమని చెప్పు.

బాగాలేనిదాన్ని బాగాలేదనే రాయి, మొహమాటపడకు. నీ నోటి దురుసు నాకు ఇష్టమే, మన వంశంలో అది ఉంది. కానీ ఒక వాక్యం రాసి నీకు నువ్వే నవ్వుకున్నావంటే, ఆ సినిమా మళ్ళీ ఒకసారి చూడు. రాత్రి ఆటకు ఒక్కదానివే వెళ్ళకు. ఇంటర్వెల్లో ఆ మొక్కజొన్న పేలాలకు అంత డబ్బు తగలేయకు, ఇంటినుంచి ఏదైనా తిని వెళ్ళు.

మొదటిది రాయగానే పంపు. నాకు కాదు, మీ పెద్దమ్మకు పంపు. ఆవిడ ముందు సినిమా చూసి, తర్వాత చదువుతుంది.

మీ పెదనాన్న