11 ఏళ్ల పాపకు, 13 ఏళ్ల బాబుకు ఎప్పుడు, ఎలా చెప్పాలి?

పర్లాకిమిడి నుంచి అడిగారు కదా: పాపకు 11, బాబుకు 13, ఇద్దరికీ శరీరంలో వచ్చే మార్పుల గురించి చెబుదామంటే అత్తగారు "ఇప్పుడే ఎందుకు, లేనిపోని ఆలోచనలు వస్తాయి" అంటున్నారని. మాది రాయగడ. మా అమ్మాయి, అబ్బాయి ఈ మధ్యనే ఆ వయసు దాటారు. ముందే చెప్పండి, ఇద్దరికీ చెప్పండి.

తొలి నెలసరి 9 నుంచి 15 ఏళ్ల మధ్య ఎప్పుడైనా రావచ్చు. రొమ్ములు పెరగడం మొదలైన రెండు మూడేళ్లకు సాధారణంగా వస్తుంది. ఆ మార్పు కనిపించిందంటే ఇక ఆగవద్దు. మన వైపు పిల్ల పెద్దమనిషి అయితే చాప మీద కూర్చోబెడతాం, చిమ్మిలి పెడతాం, మేనమామ పట్టుబట్టలు తెస్తాడు, షామియానా వేసి ఊరందరికీ భోజనాలు పెడతాం. ఇంత చేసీ ఆ రక్తం ఎందుకు వచ్చిందో పిల్లకు ఎవరూ చెప్పరు. అది తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధే. మా అమ్మాయికి ముందుగానే ఇలా చెప్పాను: గర్భసంచి లోపల ప్రతి నెలా ఒక పొర తయారవుతుంది, గర్భం రాకపోతే అది కరిగి రక్తంతో కలిసి బయటికి వస్తుంది, అది గాయం కాదు. మొదటి రెండేళ్లు తేదీలు అటూ ఇటూ అవుతాయి. ప్యాడు నాలుగైదు గంటలకోసారి మార్చుకోవాలి. గుడ్డ వాడితే సబ్బుతో ఉతికి ఎండలోనే ఆరేయాలి. వారం దాటినా ఆగకపోయినా, గంటకో ప్యాడు తడిసిపోతున్నా డాక్టరుకు చూపించాలి.

అత్తగారి సంగతి. జూన్ మధ్యలో మా వీధిలోని ఒడియా వాళ్లు రజ పండుగ చేసుకుంటారు, మీకూ తెలిసే ఉంటుంది. భూదేవి రజస్వల అయిందని ఆ మూడు రోజులూ నాగలి కట్టరు, నేల తవ్వరు. ఆడపిల్లలు కొత్త బట్టలు కట్టుకుని ఊయలలూగుతారు. "భూదేవికి పండుగ చేస్తుంటే మన పిల్లను మూలన కూర్చోబెట్టడం ఎందుకు అత్తయ్యా" అని మా అత్తగారితో అన్నాను. ఆవిడ ఒప్పుకోలేదు గానీ, మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

బాబును మాత్రం వదిలేయకండి. మగపిల్లల గురించి ఎవరూ పట్టించుకోరు, వాళ్లే తెలుసుకుంటారనుకుంటారు. ఎక్కడ తెలుసుకుంటారు? గోడల మీద "గుప్తరోగాలకు గ్యారంటీ వైద్యం" రాతల్లో, ఫోనులో స్నేహితులు పంపే వీడియోల్లో. నిద్రలో వీర్యం పోవడం ఆ వయసులో మామూలే, రోగం కాదు. ఒక్క చుక్క వీర్యం పోతే నలభై చుక్కల రక్తం పోయినట్టేనన్నది పచ్చి అబద్ధం. ఆ అబద్ధం నమ్మి ఎంతమంది పిల్లలు లోలోపల కుమిలిపోతారో! మా ఆయనకు మొహమాటం ఎక్కువ. అందుకని పార్వతీపురం నుంచి మా తమ్ముడు వచ్చినప్పుడు మేనల్లుడికి విడమరచి చెప్పాడు. ఆ తర్వాత వాడి ప్రశ్నలు నా దగ్గరికీ వచ్చాయి, ఎక్కువగా నేను కూరగాయలు తరుగుతున్నప్పుడు. ఎదురెదురుగా కూర్చోబెట్టి పాఠంలా చెబితే పిల్లలు బిగుసుకుపోతారు. చెల్లెలి నెలసరి గురించి కూడా వాడికి చెప్పాను. ఇప్పుడు దుకాణానికి వెళ్లి ప్యాడ్ల ప్యాకెట్ తనే తెస్తాడు, నల్ల కవరు అడగడు.

ఇంకొకటి. పిల్ల పెద్దమనిషి అయిన వేడుకలోనే "బావ ఉన్నాడుగా, ఇచ్చేయండి" అనేవాళ్లు బయలుదేరతారు. నెలసరి మొదలైనంత మాత్రాన శరీరం కాన్పుకు సిద్ధమైనట్టు కాదు, కటి ఎముకలు ఇంకా పెరుగుతూనే ఉంటాయి. చట్టం ప్రకారం పెళ్లికి అమ్మాయికి 18, అబ్బాయికి 21 నిండాలి. ఎవరైనా తాకరాని చోట తాకితే, వాళ్లు బంధువులైనా సరే, మీకు చెప్పమని ఇద్దరికీ చెప్పండి. ఆపదలో ఉన్న పిల్లలు సాయం కోసం ఫోన్ చేసే 1098 నంబరు కూడా నేర్పండి.

మీకు చెప్పడం కష్టమైన విషయాలకు ఒడిశా ప్రభుత్వ ఆసుపత్రుల్లోని శ్రద్ధా క్లినిక్‌లు ఉన్నాయి. 10 నుంచి 19 ఏళ్ల పిల్లలకు అక్కడ ఉచితంగా సలహా ఇస్తారు. మీ దగ్గర్లో ఎక్కడుందో ఆశా దీదీని అడగండి. మొదటిసారి మీరు తోడు వెళ్లినా, లోపల పిల్లను కాసేపు ఒంటరిగా మాట్లాడనివ్వండి.