వైరస్ అదుపులోనే ఉంది, సీడీ4 ఎందుకు పెరగడం లేదు?

ప్రశ్న: నా వయసు 47. మూడేళ్లుగా ఏఆర్‌టీ కేంద్రంలో ఇచ్చే హెచ్‌ఐవీ మందులు క్రమం తప్పకుండా వాడుతున్నాను. వైరల్ లోడ్ పరీక్షలో వైరస్ కనబడలేదన్నారు. సీడీ4 (రోగ నిరోధక శక్తినిచ్చే కణాల సంఖ్య) మాత్రం 86 నుంచి 210కి వచ్చి ఆగిపోయింది. మూడు వారాలుగా దగ్గు, సాయంత్రం పూట కొద్దిగా జ్వరం ఉంటే మందుల షాపులో యాంటీబయాటిక్ తెచ్చుకున్నాను. నీరసానికి ఐరన్, కాల్షియం వేసుకుంటున్నాను. సీడీ4 పెరగాలంటే ఏం తినాలి?

సమాధానం: సీడీ4 సంగతి తరువాత చెబుతాను. మీరు ఒక్క వాక్యంలో రాసి వదిలేసిన దగ్గు, జ్వరం గురించే నాకు ఎక్కువ ఆందోళనగా ఉంది. హెచ్‌ఐవీ ఉన్నవారికి దగ్గు, జ్వరం, బరువు తగ్గడం, రాత్రి చెమటలు వీటిలో ఏ ఒక్కటి ఉన్నా, ఎన్ని రోజులైందని చూడకుండా టీబీ పరీక్ష చేయించాలి. మీరు మూడు వారాలు ఆగారు, పైగా సొంత వైద్యం చేసుకున్నారు. షాపులో ఇచ్చింది లీవోఫ్లాక్సాసిన్ వంటి మందైతే, అది టీబీ క్రిమిని కొన్నాళ్లు అణచి ఉంచి, తగ్గినట్టే అనిపించి, అసలు జబ్బు బయటపడటాన్ని ఆలస్యం చేస్తుంది. ఆ స్ట్రిప్పు పారేయకుండా వెంట పెట్టుకుని రేపే మీ కేంద్రానికి వెళ్లండి. పొద్దున లేవగానే నోరు పుక్కిలించి, ఉమ్మి కాకుండా లోపలి నుంచి దగ్గి తీసిన కళ్లెను టీబీ క్రిమిని పట్టే సీబీనాట్ పరీక్షకు ఇవ్వండి. ఛాతీ ఎక్స్‌రే కూడా అవసరం కావచ్చు.

ఇక సీడీ4. చికిత్స మొదలుపెట్టే నాటికే అది 200 కంటే బాగా తక్కువగా ఉన్నవారిలో, అందులోనూ వయసు పైబడినవారిలో, వైరస్ పూర్తిగా అణిగినా కొందరికి ఈ కణాలు ఆశించినంతగా పెరగవు. సీడీ4 వంటి కొత్త టీ కణాలు తయారయ్యే థైమస్ గ్రంథి వయసుతో కుంచించుకుపోవడం, వైరస్ వల్ల లింఫు గ్రంథుల్లో మచ్చకట్టడం ఇందుకు ముఖ్య కారణాలు. టీబీ వంటి ఇన్‌ఫెక్షన్ లోపల ఉన్నా ఈ సంఖ్య తగ్గుతుంది కనుక, ముందు అది తేలాలి. దీన్ని పెంచే ఆహారం గానీ, పొడి గానీ లేదు. ఇంటర్‌ల్యూకిన్-2 ఇంజెక్షన్లతో సంఖ్యను పెంచి చూసిన రెండు పెద్ద అధ్యయనాల ఫలితాలు 2009లో వచ్చాయి. కణాలు పెరిగాయి తప్ప, రోగులకు జబ్బులు, మరణాలు తగ్గలేదు.

ఐరన్, కాల్షియం మాత్రలు హెచ్‌ఐవీ మందుల్లో ఒకటైన డోలుటెగ్రావిర్‌ను ఒంటికి పట్టనివ్వవు. పరగడుపున వాడేవారైతే డోలుటెగ్రావిర్ వేసుకున్న రెండు గంటలకు గానీ, దానికి ఆరు గంటల ముందు గానీ ఆ మాత్రలు వేసుకోవాలి. భోజనంతో అయితే కలిపి వేసుకోవచ్చు. ఇన్‌ఫెక్షన్లు రాకుండా కోట్రైమాక్సజోల్ ఇస్తున్నట్లయితే మీ అంతట మీరు ఆపకండి. టీబీ తేలితే దానికి వాడే రిఫాంపిసిన్ కారణంగా డోలుటెగ్రావిర్ మోతాదు మార్చాల్సి రావచ్చు. మిమ్మల్ని చూసిన వైద్యులే దాన్ని నిర్ణయించాలి.