సెకండ్‌హ్యాండ్ డీజిల్ బండి: ముందు ఏం మార్చాలి?

ప్రశ్న: 2014 నాటి డీజిల్ స్విఫ్ట్ డిజైర్ కొన్నాను. మీటరు 92 వేలు చూపిస్తోంది, సర్వీసు బుక్కు లేదు. ఆయిల్, ఫిల్టర్లు ఇంట్లోనే మార్చుకుందామనుకుంటున్నా. డీజిల్ ఫిల్టర్ ముట్టుకుంటే బండి స్టార్ట్ కాదని మిత్రులు భయపెడుతున్నారు, నిజమేనా?
– ఒక పాఠకుడు, హన్మకొండ

జవాబు: బుక్కు లేదంటే ఏదీ మార్చలేదనే లెక్క. "మొన్ననే ఆయిల్ పోయించినం" అన్న మాటను నమ్ముకోవద్దు. మీది 1248 సీసీ ఇంజిన్. దీనికి ఇంజిన్ లోపలి భాగాలను వరుస తప్పకుండా తిప్పే టైమింగ్ బెల్టు ఉండదు, దాని బదులు చైనుంటుంది. ఆయిల్ మార్చకుండా నడిపితే ఆ చైను సాగుతుంది. పొద్దున్నే మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు గలగలమని చప్పుడొస్తే ముందు మెకానిక్‌కు చూపించండి.

ఆయిల్ పని సులువే. ఇంజిన్‌ను పది నిమిషాలు తిప్పి, చదును నేల మీద ఆపండి. జాకీ ఒక్కదాన్నే నమ్మి కింద దూరొద్దు, ఇటుకలు అసలే వద్దు, స్టాండ్లు పెట్టాల్సిందే. డ్రెయిన్ నట్టు విప్పి పావుగంట కారనివ్వండి. నట్టు వాషరు, ఆయిల్ ఫిల్టర్ మూత రబ్బరు రింగు కొత్తవి వేయండి. పాతవే వేస్తే వారంలో నేల మీద చుక్కలు కనిపిస్తాయి. 5డబ్ల్యూ-30 ఆయిల్ మూడు లీటర్ల పైచిలుకు పడుతుంది. ముందు 2.75 లీటర్లే పోసి, ఒక నిమిషం స్లోలో నడిపి ఆపండి. టర్బోకు (ఇంజిన్‌లోకి గాలిని నెట్టే భాగం) ఆయిల్ అందేదాకా రేసు ఇవ్వొద్దు. ఐదు నిమిషాలాగి డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే కడ్డీ) చూస్తూ మిగతాది కొంచెం కొంచెంగా పోయండి. పై గీత దాటితే తీసేయాల్సిందే: ఎక్కువైన ఆయిల్ గాలి దారిలోకి వెళ్లి మండితే, తాళం తీసినా ఇంజిన్ ఆగకపోవచ్చు. కొత్త ఆయిల్ వెంటనే నల్లబడితే కంగారు పడొద్దు, డీజిల్ మసి అంతే.

ఇక మీ మిత్రుల భయం. డీజిల్ ఫిల్టర్ మార్చినప్పుడు లైన్లోకి గాలి చేరుతుంది, అందుకే స్టార్ట్ కాదు. సెల్ఫ్ ఆపకుండా కొడితే బ్యాటరీ దిగుతుంది, ఎండిపోయిన పంపు అరుగుతుంది. ఫిల్టర్ దగ్గరి చేతి పంపును గట్టిపడేదాకా నొక్కి, అప్పుడు ఐదారు సెకన్లు సెల్ఫ్ కొట్టండి. రాకపోతే మళ్లీ నొక్కండి. కొత్త ఫిల్టర్‌లోకి డబ్బాతో డీజిల్ పోయొద్దు. అందులోని నలుసు వడకట్టకుండానే ఇంజిన్‌లోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్‌కు చేరొచ్చు. ఇంజెక్టర్లకు వెళ్లే ఇనుప గొట్టాల నట్లు మాత్రం విప్పొద్దు, లోపల వెయ్యి బార్ దాటిన ఒత్తిడి ఉంటుంది. పాత ఫిల్టర్‌లోని డీజిల్‌ను గాజు సీసాలో పోసి గంట ఉంచండి. అడుగున నీళ్లు తేరితే ట్యాంకు కూడా కడిగించాలి.

ప్రశ్న: బొగ్గు లారీల దారిలో రోజూ తిరుగుతాను. ఎయిర్ ఫిల్టర్ కడిగి వాడొచ్చా?
– ఒక పాఠకుడు, భూపాలపల్లి

జవాబు: కాగితం ఫిల్టర్‌ను కడగొద్దు, తడిస్తే పాడవుతుంది. గాలి కొట్టినా శుభ్రమైన వైపు నుంచి దుమ్ము వైపుకే, తక్కువ ఒత్తిడితో. మీ దారికి మాన్యువల్‌లో రాసిన గడువులో సగానికే మార్చేయండి. ఫిల్టర్ బాక్సు క్లిప్పు ఒక్కటి వదులైనా దుమ్ము నేరుగా టర్బోలోకే పోతుంది. బిగించాక క్లిప్పులన్నీ చేత్తో లాగి చూడండి.