బంటు ఎక్కువున్నా ఆట డ్రా అయితే

చిరంజీవి అమ్మలుకి, పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు పంపిన చదరంగం స్కోర్‌షీట్ (ఎత్తులు రాసిన కాగితం) చూస్తూ బోర్డు మీద పావులు పెట్టుకుని మొత్తం ఆడి చూశాను. ఓపెనింగ్ బాగుంది. మిడిల్‌గేమ్‌లో ఆ బంటు గెలుచుకున్న తీరు ఇంకా బాగుంది. మంత్రులు మారిపోయాక మాత్రం నీ రాజు జీ1 గడి (నిలువు వరుసలకి ఏ నుంచి హెచ్ దాకా అక్షరాలు, అడ్డ వరుసలకి 1 నుంచి 8 దాకా అంకెలు) వదిలి బయటికే రాలేదు. గెలవాల్సిన ఏనుగుల (రూక్‌ల) ఎండ్‌గేమ్, అంటే కొద్ది పావులే మిగిలిన చివరి దశ, డ్రా అయింది అందుకే. టైమ్ తక్కువ ఉందని, టెన్షన్ పడ్డావని మీ నాన్న అంటున్నాడు. నాకైతే అది అసలు కారణం అనిపించలేదు.

మంత్రులు ఉన్నంతసేపు రాజును దాచాల్సిందే. అవి పోయాక కూడా దాచావంటే ఒక పావు తక్కువతో ఆడుతున్నట్టే. 1924 న్యూయార్క్ టోర్నమెంట్‌లో టార్టకోవర్ మీద అప్పటి ప్రపంచ చాంపియన్ కాపాబ్లాంకా ఆడిన గేమ్ తీసి చూడు. అదీ ఏనుగుల ఎండ్‌గేమే. కాపాబ్లాంకా ఏనుగు ఏడో వరుసలో ఉంది. ఆయన రాజును జీ3, హెచ్4, జీ5 మీదుగా నడిపించాడు. దారిలో రెండు బంట్లు పోయాయి, రెండూ చెక్‌తోనే. ఆయన పట్టించుకోలేదు. జీ5 నుంచి ఎఫ్5లోని నల్ల బంటు జోలికి పోకుండా నేరుగా ఎఫ్6కి వెళ్లాడు. ఆ నల్ల బంటు అక్కడే ఉండబట్టి వెనక నుంచి ఆ నిలువు వరుసలో ఆయన రాజుకి చెక్ పెట్టే వీల్లేకపోయింది. శత్రువు బంటునే గొడుగులా వాడుకున్నాడు! పోయిన బంట్లు లెక్కపెడుతూ కూర్చునేవాళ్లకి ఆ ఎత్తు తట్టదు.

రాజు ఎక్కడికి వెళ్లాలో తెలియాలంటే ఒట్టి బంట్ల ఎండ్‌గేమ్‌లు రావాలి. అన్నిటికీ పునాది అవే. నీ బంటు ఇ5లో, నీ రాజు దాని ముందు ఇ6లో, ఎదుటి రాజు ఇ8లో ఉన్నాయనుకో. ఎత్తు ఎవరిదైనా నువ్వే గెలుస్తావు. అదే బంటు ఇ4లో ఉంటే నీ రాజు డీ6, ఇ6, ఎఫ్6లలో ఏదో ఒకటి అందుకుంటే చాలు. పిల్లలు చాలామంది ముందు బంటును తోసేసి, రాజును వెనక నడిపిస్తారు. తిరగెయ్యి: రాజు ముందు, బంటు వెనక. రాజులు ఒక గడి ఎడంగా ఎదురెదురుగా నిలబడినప్పుడు ఎత్తు వేయాల్సినవాడే పక్కకి తప్పుకోవాలి. అపోజిషన్ అంటే అంతే. అంచు బంటుకి (ఏ, హెచ్ వరుసల్లోది) మాత్రం ఈ లెక్కలు పనిచేయవు.

బంట్ల ఎండ్‌గేమ్ చదవడం రానివాళ్లు పావులు మార్చుకోకూడదు. 2024 డిసెంబర్‌లో సింగపూర్‌లో గుకేశ్, డింగ్ లిరెన్ ఆడిన పద్నాలుగో గేమ్ నువ్వూ చూశావు కదా. గుకేశ్‌కి ఒక బంటు ఎక్కువ, అయినా అందరూ డ్రా అనుకుంటున్నారు. 55వ ఎత్తులో డింగ్ ఏనుగును ఎఫ్2కి తెచ్చాడు. గుకేశ్ ఏనుగులు మార్చాడు, వెంటనే శకటును (బిషప్‌ను) డీ5కి తెచ్చాడు. డింగ్ శకటు ఏ8 మూలలో ఉంది, దానికి తప్పుకునే చోటు లేదు. అవీ మారాక మిగిలింది బంట్ల ఎండ్‌గేమ్, అందులో గుకేశ్‌దే గెలుపు. ప్రపంచ చాంపియన్‌షిప్ తేలింది అక్కడే. ఏ మార్పిడికైనా ముందు, చివరి పావు కూడా మారిపోతే ఏం మిగులుతుందో చూసుకో.

ఇక ఏనుగులు. అన్నిటికంటే ఎక్కువగా వచ్చేవి ఇవే. నీ బంటు ముందుకి పోతుంటే నీ ఏనుగు దాని వెనక ఉండాలి. బంటు కదిలే కొద్దీ ఏనుగుకి చోటు పెరుగుతుంది. గెలవడానికి లుసెనా పొజిషన్ అనే అమరిక నేర్చుకో. తెల్లవి నీవి. తెల్ల రాజు జీ8, బంటు జీ7, ఏనుగు ఎఫ్1. నల్ల రాజు ఇ7, ఏనుగు హెచ్2. ముందు ఇ1 నుంచి చెక్ పెట్టి రాజును దూరంగా తరుము, తర్వాత ఏనుగును ఇ4కి తే. ఇప్పుడు నీ రాజు బయటికొచ్చి చెక్‌లు తింటూ జీ5 దాకా దిగుతుంది. చివరి చెక్‌కి ఏనుగును జీ4లో అడ్డుపెడతావు. ఆ నాలుగో వరుస ఎందుకో బోర్డు మీద నువ్వే ఆడి తెలుసుకో, నేను చెబితే గుర్తుండదు. ఓడిపోయే వైపు ఉన్నప్పుడు ఫిలిడార్ పద్ధతి: నీ రాజు బంటు దారికి అడ్డంగా, నీ ఏనుగు నీ వైపు నుంచి మూడో వరుసలో. బంటు ఆ వరుసలోకి అడుగుపెట్టాక ఏనుగును బోర్డు అవతలి చివరికి తీసుకెళ్లి వెనక నుంచి చెక్‌లు పెడుతూ పో.

శకటు, అంచు బంటు మిగిలితే మూల గడి రంగు చూడు. తెల్ల హెచ్ బంటుకి హెచ్8 నల్ల గడి. నీ శకటు తెల్ల గడులదై, ఎదుటి రాజు ఆ మూలకి చేరిందా, ఎంతసేపు ఆడినా డ్రానే.

గెలుపు ఖాయమనిపించినప్పుడు తొందరపడకు. ఎదుటివాళ్లకి ఉపయోగపడే ఎత్తు లేకపోతే రాజును మెరుగైన గడికి జరిపి, మళ్లీ వాళ్లనే ఆడనివ్వు. బంటు ఎత్తులు దాచుకో, అవి వెనక్కి రావు.

వచ్చే ఆదివారానికి ఒక పని. తెల్ల రాజు హెచ్8, బంటు సీ6. నల్ల రాజు ఏ6, బంటు హెచ్5. ఎత్తు తెల్లది, డ్రా చేయాలి. 1921లో చదరంగం మాస్టర్ రేటీ పెట్టిన లెక్క ఇది. చూడగానే కుదరదనిపిస్తుంది. ఇంజిన్ (ఎత్తులు చెప్పే కంప్యూటర్ ప్రోగ్రామ్) తెరవకుండా జవాబు రాసి పంపు.

ఇట్లు,
మీ పెదనాన్న