బుజ్జికి పెద్దమ్మ రాసేది: దరఖాస్తులకు మార్కులు వేసే ముందు

బుజ్జీ,

ఉద్యోగానికి వచ్చేవాళ్ల గత జీవితం మీద ప్రశ్నలు వేసి, జవాబులకు మార్కులు కట్టే ఫారం మీ ఆఫీసులో నువ్వే తయారుచేస్తున్నావని అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఇరవై రెండేళ్లు నేను చేసిన పని అది. నా తర్వాత నీ చేతికి వచ్చిందని పొంగిపోయాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. అందుకే పొద్దున్నే కూర్చుని రాస్తున్నా.

నువ్వు పట్టుకున్న దారి మంచిదే. "మనిషిని చూడగానే నాకు తెలిసిపోతుంది" అనే మేనేజర్లు ఎదురైతే తగ్గకు. బీమా ఏజెంట్ల దరఖాస్తుల్లోని వివరాలకు మార్కులు కట్టి చూసే పని 1922 నాటికే మొదలైంది. రెండో ప్రపంచయుద్ధంలో అమెరికా పైలట్ల ఎంపికలో ఒక ప్రశ్న ఉండేది: నువ్వు ఎప్పుడైనా బొమ్మ విమానం చేశావా, అది ఎగిరిందా అని. మిగతా పరీక్షలన్నీ కలిపి చెప్పినంత ఆ ఒక్క ప్రశ్నే దాదాపుగా చెప్పిందని మా రంగంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఇష్టంతో చేతులు పెట్టి చేసిన పని మనిషి గురించి అంత చెబుతుంది.

అనుభవం ఎన్నేళ్లు అన్న గడికి మాత్రం ఎక్కువ మార్కులు పెట్టకు. 1998లో ష్మిట్, హంటర్ అనే ఇద్దరు మనస్తత్వ పరిశోధకులు ఉద్యోగుల ఎంపిక మీద పాత పరిశోధనలన్నీ కలిపి చూస్తే, పనితీరుతో ఇలాంటి ఫారాల సంబంధం 0.35, అనుభవం ఏళ్లది 0.18. 2022లో సాకెట్ అనే పరిశోధకుడి బృందం మళ్లీ లెక్కవేస్తే ఫారాలది 0.38కి పెరిగింది, అనుభవానిది 0.07కి పడిపోయింది. 1 ఉంటే పూర్తిగా సరిపోయినట్టు, 0 అయితే సంబంధమే లేనట్టు. అంటే నీ ఫారం ఎంత బాగా కుదిరినా చాలామంది విషయంలో తప్పు చెబుతుంది. ఒక్క స్కోరు చూసి ఎవరికీ తలుపు మూయకు.

ముందు ఆ ఉద్యోగంలో రోజూ ఏం చేస్తారో పక్కన కూర్చుని చూడు. బాగా పనిచేయడమంటే ఏమిటో సూపర్‌వైజర్లతో మాట్లాడి తేల్చుకో. తర్వాతే ప్రశ్నలు రాయి. ఇవన్నీ నీకు తెలిసినవే.

ఇప్పుడు నా తప్పు చెబుతాను. మీ అమ్మకు కూడా ఇంతవరకూ చెప్పలేదు.

అప్పుడు నాకు ముప్ఫై ఒకటి. నేను పనిచేసే చోట ఫోన్‌లో ఫిర్యాదులు తీసుకునే విభాగంలో మనుషులు నిలిచేవాళ్లు కాదు. అక్కడున్న అరవై నలుగురి ఫైళ్లు తెచ్చుకుని, ఒక్కొక్కరి గురించి యాభై వివరాలు రాసుకున్నాను. బాగా చేసేవాళ్లనీ చేయనివాళ్లనీ వేరు చేసిన వివరాలకు మార్కులు ఇచ్చి, మిగతావి కొట్టేశాను. ఆ మార్కులతో మళ్లీ ఆ అరవై నలుగురికే స్కోర్లు వేశాను. అద్దంలో చూసుకున్నట్టు సరిపోయాయి. సరిపోక ఏంచేస్తాయి? వాళ్ల నుంచి తీసిన మార్కులే కదా. ఆ సంగతి నాకు తట్టలేదు. మీటింగులో అందరూ చప్పట్లు కొట్టారు.

పద్నాలుగు నెలలు ఆ ఫారమే వాడాం. దాంతో తీసుకున్నవాళ్లు అంతకుముందు వచ్చినవాళ్ల కంటే ఏమాత్రం మెరుగ్గా లేరు.

ఎడ్వర్డ్ క్యూర్టన్ అనే మనస్తత్వవేత్త ఈ ప్రమాదాన్ని 1950లోనే చూపించాడు. 29 మంది విద్యార్థులు, అంకెలు వేసిన 85 చీటీలు. ఒక్కొక్కరి పేరు మీద చీటీలన్నీ విసిరి, ఏవి అంకె పైకి పడ్డాయో రాసుకున్నాడు. చదువులో వాళ్లకు వచ్చిన మార్కులతో కాకతాళీయంగా కలిసిన చీటీలను మాత్రమే ఉంచి, ఆ విద్యార్థులకే లెక్క కడితే సంబంధం 0.82 వచ్చింది. వట్టి చీటీలమ్మా అవి! నేను ఇది చదివేసరికి పద్నాలుగు నెలలూ అయిపోయాయి.

ఆ ఫారం ఎత్తేసిన రోజు, తిప్పి పంపిన దరఖాస్తులు ఒక్కొక్కటీ చదివాను. ఒకటి నీలం ఇంకుతో ఉంది. "ఉద్యోగం లేని కాలం, కారణం" అన్న గడి చిన్నది కావడంతో అక్షరాలు నలిగి, అంచు దాటి పక్కకు పోయాయి. "అమ్మకు పక్షవాతం. మూడేళ్లు ఇంట్లోనే ఉన్నాను. మందులు, ఖర్చుల లెక్క, డాక్టర్లతో మాట్లాడటం అన్నీ నేనే." ఆ గడికి నేను పెట్టింది మైనస్ నాలుగు. కటాఫ్ 31. ఆ అమ్మాయికి వచ్చింది 29. కోపంలో, బాధలో ఉన్న మనుషులతో మూడేళ్లు ఓపిగ్గా మాట్లాడిన మనిషిని, ఓపికే ప్రాణమైన ఉద్యోగం నుంచి నేను వెనక్కి పంపాను. ఫోన్ చేశాను. ఆ నంబరు అప్పటికే పనిచేయడం లేదు.

అందుకే అడుగుతున్నా తల్లీ, ఫైళ్లు తెరవకముందే సగం పక్కన పెట్టి తాళం వెయ్యి. మార్కులు ఒక సగంతో తయారుచెయ్యి, రెండో సగం మీద పరీక్షించు. మనుషులు కొద్దిమందే ఉంటే లెక్కలతో మార్కులు తీయనే వద్దు, పనిని చూసి ప్రశ్నలు ఎంచుకో. కొన్నేళ్లకొకసారి మళ్లీ సరిచూడు, పాత మార్కులు అరిగిపోతాయి.

మనిషి చేతిలో లేనివాటికి మార్కులు వేయకు. ఇల్లు ఎంత దూరం, తోబుట్టువులు ఎందరు, నాన్న ఏం చేస్తారు లాంటివి. నేను అవన్నీ వేశాను. పనికి అవసరమని చూపించకుండా హైస్కూల్ డిప్లొమా అడిగిన ఒక కంపెనీ కేసులో, అలాంటి నిబంధన నల్లజాతివాళ్లనే ఎక్కువగా తొక్కేస్తుంటే అది చట్టవిరుద్ధమని 1971లో అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది. గీసినవాడికి చెడు ఉద్దేశం లేకపోయినా గీత ఒకరి మీదే పడుతుంది.

అబద్ధాలు చెప్పేవాళ్లను పట్టుకోవడానికి లోకంలో లేని పనిని "ఇది చేశారా?" అని ప్రశ్నల్లో కలుపుతానన్నావట. వద్దు. ఉద్యోగం కోసం వచ్చిన మనిషికి వల వేయడం ఏమిటే? ఎప్పుడు చేశారు, ఎవరితో కలిసి, ఏం చేశారో రాయండి అని అడుగు. వివరం అడిగితే గొప్పలు వాటంతటవే తగ్గుతాయి.

కోప్పడ్డాననుకోకు. నీ ఆరో తరగతి ఫారంలో "తండ్రి వృత్తి" గడి దగ్గర పెన్ను పట్టుకుని ఎంతసేపు ఉండిపోయావో నాకు గుర్తుంది. మీ నాన్న పోయి అప్పటికి రెండు నెలలు. ఆ గడి నేను నింపబోతే నా చెయ్యి పక్కకు తోసి, ఖాళీగానే ఇచ్చి వచ్చావు.

నీ ఫారం మూడో పేజీలో కుటుంబం గురించి ఏవో రెండు ప్రశ్నలున్నాయని అమ్మ అంది. అవి ఏమిటో రాత్రికి ఫోన్ చేసి నాకు చదివి వినిపించు. ఎంత ఆలస్యమైనా మేలుకునే ఉంటాను.

ప్రేమతో,
పెద్దమ్మ