వాన రోజును తలుచుకుని టైరు కొను

చిరంజీవి అల్లుడికి,

బైకుకు ఏ టైర్లు వేయించమంటావు మామయ్యా అని అడిగావు. ఫోన్లో రెండు ముక్కల్లో తేలేది కాదని రాస్తున్నాను.

నువ్వు ఫొటో పంపిన టైరు చూశాను. గాడులు తక్కువ, వెడల్పు ఎక్కువ, అచ్చం రేసు బండి టైరులా ఉంది. అది వద్దురా. అలాంటి రబ్బరు బాగా వేడెక్కితేగానీ రోడ్డును పట్టుకోదు. ట్రాక్ మీద కాసేపట్లో వేడెక్కుతుంది గానీ, చలిలో పొద్దున్నే పనికి వెళ్లే దారిలో ఎక్కడ వేడెక్కుతుంది? మట్టి దారుల కోసం చేసే పెద్ద బటన్ల టైరూ నీకు పనికిరాదు, తారు మీద ఆనే రబ్బరు తగ్గిపోతుంది.

ఎండ, వాన, చలి అనకుండా బండి తీసేవాడివి. స్పోర్ట్ టూరింగ్ రకం, అంటే వేగానికీ దూర ప్రయాణాలకూ కలిపి చేసేది, చూసుకో. ఆ రబ్బరులో సిలికా అనే పొడి ఎక్కువ కలుపుతారు, చల్లటి తడి రోడ్డు మీద పట్టు నిలబెట్టేది అదే. డ్యూయల్ కాంపౌండ్, అంటే ఒకే టైరులో రెండు రకాల రబ్బరు ఉండేది, దొరికితే మరీ మంచిది. నడుమ గట్టి రబ్బరు కాబట్టి తిన్నగా పోయినంతసేపూ తొందరగా అరగదు, అంచులు మెత్తన కాబట్టి మలుపులో వాలినప్పుడు పట్టుకుంటాయి.

గాడులు ఉన్నది పట్టు కోసమని చాలామంది అనుకుంటారు. వాటి అసలు పని నీళ్లను పక్కకు తోసెయ్యడం. ఒక్కో చక్రం నేలకు ఆనేది అరచెయ్యంత జాగాలోనే. ఆ అరచేతి కింద నీటి పొర నిలిచిందా, టైరు నీళ్ల మీద తేలుతుంది. ఇక బ్రేకూ హ్యాండిలూ నీ మాట వినవు.

అలాగని గాడులు చూసి మోసపోకు. ఒకసారి వెనక టైరు చవగ్గా వస్తోందని కొన్నాను. గాడులు నిండుగా ఉన్నాయి, కొత్త టైరుకుండే రబ్బరు వెంట్రుకలు కూడా పోలేదు. చాన్నాళ్లకు పడ్డ మొదటి జల్లులో, మలుపు తిరుగుతూ రోడ్డు మీది తెల్ల చారల మీదికి వచ్చాను. వెనక చక్రం సర్రున పక్కకు పోయింది. మోకాలు చెక్కుకుపోయింది. ఇంటికొచ్చి టైరును గోటితో నొక్కితే చెక్కను నొక్కినట్టుంది. పక్కన అంకెలు చదివితే అప్పటికే దాని వయసు ఏడేళ్లు! కొనేముందు ఆ అంకెలు చూడకపోవడం నా తప్పు, నువ్వు మాత్రం చూడు. సైడ్‌వాల్, అంటే టైరు పక్క గోడ, మీద డాట్ (DOT) అనే ఇంగ్లీషు అక్షరాలతో మొదలయ్యే వరుస చివర నాలుగంకెలుంటాయి. 2324 అంటే 2024లో 23వ వారంలో తయారైందని.

సైజు కంపెనీ చెప్పిందే వేయించు. 140/70-17 అంటే 140 మిల్లీమీటర్ల వెడల్పు, అందులో 70 శాతం టైరు పక్క గోడ ఎత్తు, 17 అంగుళాల రిమ్ము. దాని పక్కన 66హెచ్ అని ఉంటే 300 కిలోల బరువు, గంటకు 210 కిలోమీటర్ల వేగం వరకు తట్టుకుంటుందని. అందం కోసం ఇంకా వెడల్పుది ఎక్కిస్తే రిమ్ము దాన్ని నొక్కేసి ఆకారం మార్చేస్తుంది, బండి మలుపులోకి బద్ధకంగా వాలుతుంది.

వెనకది అరిగింది, ముందుది బాగానే ఉంది కదా అని పాతది వదిలెయ్యకు. దాని అంకెలూ చూడు, సైడ్‌వాల్ మీద పగుళ్లున్నాయేమో చూడు. బ్రేకు వేస్తే బరువంతా ముందుకే వస్తుంది. వెనక చక్రం జారితే చాలాసార్లు సర్దుకోవచ్చు, ముందుది జారితే సర్దుకునే వ్యవధి ఉండదు. టైరు లోపలి దారాల అల్లికను బట్టి రేడియల్, బయాస్ అని రెండు రకాలు, ఒకటి రేడియల్, ఒకటి బయాస్ కలపకు. బిగించేటప్పుడు బాణం గుర్తు చక్రం తిరిగే వైపే ఉందో లేదో దగ్గరుండి చూసుకో.

కొత్త టైరు పైన నున్నగా ఉంటుంది. మొదటి 150 కిలోమీటర్లు గట్టిగా వాల్చకు, హఠాత్తుగా బ్రేకు కొట్టకు. గాలి వారానికోసారి, బండి తీయకముందే చూసుకో. వానాకాలం పట్టు కోసం గాలి తగ్గించమని ఎవరైనా చెప్తే వినకు. గాలి తగ్గితే గాడులు మూసుకుపోతాయి, నీళ్లు పోవు.

డబ్బులిచ్చే ముందు ఆ నాలుగంకెలు ఫొటో తీసి నాకు పంపు. నేను చూసి సరేనన్నాకే బిగించమను.

నీ మామయ్య